ఆపినా ఆగని కరెంటు

కంప్యూటర్ ఉన్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చిన్న తగువు ఒకటుంది. పిల్లవాడు పని ముగించి షట్‌డౌన్ కొట్టి వెళ్లిపోతాడు. వెనకాలే తండ్రి వచ్చి గోడ మీద స్విచ్ కూడా కట్టేస్తాడు. "ఆపేశాను కదా నాన్నా, మళ్లీ అదెందుకు?" అంటాడు వాడు. "లైటు వెలుగుతూనే ఉంది కదరా" అంటాడు ఆయన. ఇద్దరిలో ఎవరిది రైటు?

తండ్రి చూసిన లైటు నిజమే. షట్‌డౌన్ అయిన డెస్క్‌టాప్ వెనక్కి వంగి చూడండి. ఇంటర్నెట్ వైరు గుచ్చిన చోట చిన్న దీపం మిణుకుమంటూ కనబడొచ్చు. కొన్నిటిలో మౌసు అడుగున ఎర్ర వెలుగు కూడా పోదు. ఫ్యాను స్విచ్ కట్టేశాక ఫ్యానులో కరెంటు మిగలదు, ఎందుకంటే ఆ స్విచ్ చేసే పనల్లా తీగ తెంపడమే. కంప్యూటర్ ముందున్న బటన్ ఆ జాతిది కాదు. 230 వోల్టుల కరెంటు దాని దరిదాపులకు కూడా రాదు. అది లోపలికి ఒక మాట చేరవేస్తుంది, అంతే. ఆ మాట విని ఏం చెయ్యాలో తేల్చేది లోపలున్న మరో వలయం. వినడానికి ఆ వలయానికి ఎప్పుడూ కాస్త కరెంటు అందుతూ ఉండాలి. ఆ కాస్త కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎవరికి అందుతుంది అన్నదే ఈ అధ్యాయం.

గోడలో 230, లోపల 12

మన గోడల్లో ఉండే కరెంటు ఒకే దిక్కున పారదు. సెకనుకు 50 సార్లు ఇటూ అటూ ఊగుతుంది. బడి పుస్తకాల్లో దీన్ని ఏకాంతర విద్యుత్తు అన్నారు, వాడుకలో ఏసీ. చిప్పులకు ఈ ఊగిసలాట పనికిరాదు. ఒకే దిక్కున నిలకడగా పారే కరెంటు, అంటే డీసీ, కావాలి. అదీ 12, 5, 3.3 వోల్టుల చొప్పున. ప్రాసెసర్ సంగతి మరీ చిత్రం. దానికి చాలేది ఇంచుమించు ఒక్క వోల్టు. కాని గట్టిగా పనిచేసేటప్పుడు నూరు ఆంపియర్లకు పైగా లాగే ప్రాసెసర్లున్నాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ మిషను గోడ నుంచి తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే! ఒక్క వోల్టు దగ్గర అంత కరెంటును దూరం నుంచి తేవాలంటే చాలా లావుపాటి రాగి కావాలి. అందుకే 12 వోల్టుల దగ్గర తెచ్చి, ప్రాసెసర్ పక్కనే మదర్‌బోర్డు మీద ఒక వోల్టుకు దించుతారు.

230 నుంచి 12కు దించే పెట్టె కేబినెట్‌లో వెనక మూల ఉంటుంది, ఫ్యాను ఉన్న ఇనప డబ్బా. మన మెకానిక్కులు దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు, మనమూ అలాగే అందాం. దాని గొప్ప తెలియాలంటే అంతకుముందు పద్ధతి తెలియాలి. పాత రేడియోలు, టేప్ రికార్డర్లలో ఇనప రేకులు పేర్చి రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. అది వోల్టేజీని దించేది, తర్వాత వచ్చే భాగాలు దాన్ని డీసీ చేసేవి, మిగులు వోల్టేజీ వేడిగా పోయేది. రేడియోకు అది చాలు. 300 వాట్ల కంప్యూటర్‌కు ఆ దారిలో వెళ్తే ట్రాన్స్‌ఫార్మరే కొన్ని కిలోలు తూగుతుంది, తీసుకున్న కరెంటులో పెద్ద వాటా గది వెచ్చబెట్టడానికే పోతుంది.

ఎస్ఎంపీఎస్ వేరే దారి పట్టింది. గోడ నుంచి వచ్చిన కరెంటును ముందు వడపోసి, రెక్టిఫయర్‌తో ఒకే దిక్కుకు తిప్పి, పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. 230 అనేది ఒక రకమైన సగటు. ఊగేటప్పుడు దాని శిఖరం 325 వోల్టుల దాకా పోతుంది. కాబట్టి ఆ కెపాసిటర్‌లో చేరేది కూడా ఇంచుమించు అంతే, కొత్త రకం వాటిలో 380 నుంచి 400 వోల్టులు. దించాల్సిందిపోయి ఇంకా పెంచారేమిటని అనిపిస్తుంది. అసలు కిటుకు ఇక్కడినుంచే మొదలు. ఈ డీసీని ట్రాన్సిస్టర్లు సెకనుకు యాభై వేలు, లక్ష, ఆ పైన కూడా, అన్నిసార్లు కలిపి తెంపుతాయి. అలా ముక్కలైన కరెంటు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళ్లి 12 వోల్టులకు దిగుతుంది. మళ్లీ ఒక రెక్టిఫయర్, మళ్లీ కొన్ని తీగచుట్టలు, కెపాసిటర్లు, చివరికి గీత గీసినట్టు నిలకడైన డీసీ.

ఎందుకింత గొడవ? బావి నుంచి ఇంటి తొట్టిలోకి నీళ్లు మోస్తున్నారనుకోండి. రోజుకు ఇన్ని నీళ్లు చేరాలని లెక్క ఉంది. తక్కువ సార్లు తిరిగేవాడు ఒక్కో విడతకు గంగాళం మొయ్యాలి. వాడికి రెండు వేల రెట్లు ఎక్కువ సార్లు తిరగగలిగినవాడికి ఉద్ధరిణె చాలు. చేరే నీళ్లు మాత్రం అవే. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటును మోసే ఇనప ట్రాన్స్‌ఫార్మర్ గంగాళం. లక్ష సార్లు ఊగే కరెంటుకు అరచేతిలో పట్టే ఫెరైట్ ముక్క సరిపోతుంది. ఉద్ధరిణెడు ఉద్ధరిణెడుగా పోసినా తొట్టి అడుగున ఉన్న కొళాయి నుంచి ధార తెగకుండా వస్తుంది, చివరన ఉన్న కెపాసిటర్లు చేసే పని అదే. ఇక తొట్టి మట్టం చూస్తూ ఒకరు నిలబడాలి. మట్టం తగ్గితే ఉద్ధరిణె నిండా తెమ్మనాలి, పెరిగితే సగమే తెమ్మనాలి. ఎస్ఎంపీఎస్‌లో ఈ పని చేసే వలయం 12 వోల్టుల వైపు కనిపెట్టి చూస్తూ, ట్రాన్సిస్టర్ ఒక్కో విడత ఎంతసేపు తెరుచుకోవాలో చెబుతూ ఉంటుంది. మీరు ఆట మొదలుపెట్టగానే గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా 200 వాట్లు లాగినా వోల్టేజీ కుంగిపోకుండా చూసేది ఇదే. ఈ కబురు 400 వోల్టుల వైపుకు తీగ మీద పోదు, వెలుతురు మీద పోతుంది. ఇటువైపు చిన్న ఎల్ఈడీ వెలుగుతుంది, అటువైపు వెలుగును గుర్తించే ట్రాన్సిస్టర్ చూస్తుంది, మధ్యలో లోహపు తీగ లేదు. గోడ కరెంటు మీ కీబోర్డు దాకా రాకుండా ఉండడానికి ఆ ఎడం పెట్టారు.

ఈ పద్ధతి అంతకుముందే ఖరీదైన పరికరాల్లో ఉండేది. ఇంటి కంప్యూటర్లలో దాన్ని పేరుకెక్కించినవాటిలో ముందు చెప్పాల్సింది 1977 నాటి ఆపిల్ 2. రాడ్ హోల్ట్ అనే ఇంజినీరు దానికి తయారుచేసిన సప్లై చిన్నది, తేలికైనది, ఫ్యాను అక్కర్లేనిది. లోకమంతా ఆ డిజైన్నే కాపీ కొట్టిందని స్టీవ్ జాబ్స్ తర్వాత చెప్పుకున్నాడు గానీ, అది అతిశయోక్తి. ఎక్కువ వోల్టేజీ తట్టుకునే ట్రాన్సిస్టర్లు చవకవడంతో చాలామంది ఒకేసారి ఆ దారిలోకి వచ్చారు.

ఎర్ర స్విచ్ రోజులు

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి 63.5 వాట్ల సప్లై ఉండేది. కుడిపక్క వెనకవైపు లావుపాటి ఎర్ర స్విచ్. పైకి ఎత్తితే కరెంటు, దించితే చీకటి. మన ఫ్యాను స్విచ్ లాంటిదే, 230 వోల్టులనూ నేరుగా తెంపేది. తర్వాతి కాలపు కేబినెట్లలో స్విచ్ ముందువైపుకు వచ్చింది. కాని పనిమాత్రం అదే కాబట్టి గోడ కరెంటును వెనక నుంచి ముందు దాకా లావు కేబుల్‌లో లాక్కొచ్చేవారు. కేబినెట్ విప్పి చెయ్యి పెట్టేవాళ్లకు అదో గండం.

ఆ యంత్రాలకు తమను తాము ఆర్పుకునే శక్తి లేదు. విండోస్ 95లో షట్‌డౌన్ కొడితే నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాల్లో, ఇక కంప్యూటర్‌ను ఆపడం క్షేమమే అని వచ్చేది గుర్తుందా? అంటే సాఫ్ట్‌వేర్ తన ఫైళ్లన్నీ సర్దుకుంది, ఇక మీరు లేచి స్విచ్ నొక్కాలి. ఆ వాక్యం రాకముందే నొక్కేవాళ్లు కోకొల్లలు. అలా నొక్కినప్పుడు సగం రాసిన ఫైలు సగంలోనే ఉండిపోయేది.

అదే 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త కొలమానం తెచ్చింది. మదర్‌బోర్డు ఎంత పొడవుండాలి, మరలు ఎక్కడుండాలి అన్నవాటితోపాటు అందులో ఒక చిన్న మార్పు ఉంది. కరెంటు తెంపే అధికారం వేలి నుంచి తీసేసి మదర్‌బోర్డు చేతికిచ్చారు. నా లెక్కలో కంప్యూటర్ కరెంటు చరిత్రలో దీనంత తెలివైన మార్పు మరొకటి లేదు, దీనంత తక్కువ గుర్తింపు పొందినదీ లేదు.

ఊదా తీగ, ఆకుపచ్చ తీగ

ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌లో ఇప్పుడు 24 తీగలకు చోటుంటుంది, మొదట్లో 20. పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు సున్నా. కొత్తగా వచ్చే ఖరీదైన వాటిలో అన్నీ నల్లగానే ఉంటున్నాయి, కాబట్టి రంగు చూసి నమ్మేయకండి. మన కథకు ముఖ్యమైనవి మరో మూడు: ఊదా, ఆకుపచ్చ, బూడిద.

ఎస్ఎంపీఎస్ డబ్బాలో నిజానికి రెండు సప్లైలుంటాయి. పెద్దది 300, 500, 750 వాట్లు ఇచ్చేది. దాని పక్కన 5 వోల్టుల దగ్గర రెండు మూడు ఆంపియర్లు ఇవ్వగల బుల్లి సప్లై ఉంటుంది. గోడ స్విచ్ వేసిన క్షణం నుంచి కట్టేసే దాకా ఇది ఆగదు. స్టాండ్‌బై అనే ఈ కరెంటును మనం కాపలా కరెంటు అందాం. అది ఊదా తీగ వెంట మదర్‌బోర్డుకు వస్తుంది. బటన్ కోసం కనిపెట్టుకుని ఉండే వలయానికి, నెట్‌వర్క్ చిప్పుకు, కొన్నిసార్లు యూఎస్‌బీ సాకెట్లకు అదే తిండి. తండ్రి చూసిన దీపం దీనిదే. నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచే ఆఫీసు కంప్యూటర్‌ను ఆన్ చేయగలిగేది కూడా ఆ చిప్పు మేలుకొని ఉండబట్టే.

ఇప్పుడు బటన్ నొక్కండి. దాని నుంచి రెండు సన్నని తీగలు మదర్‌బోర్డు మీది రెండు పిన్నులకు వెళ్తాయి. నొక్కినంతసేపు అవి కలుస్తాయి, వదలగానే స్ప్రింగు తోసేస్తుంది. ఏ తీగ ఏ పిన్నుకు పెట్టినా తేడా లేదు. బటన్ విరిగిపోతే రీసెట్ బటన్ తీగల్ని పీకి అక్కడ తగిలించి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. అది దొంగ మార్గమేమీ కాదు, రెండూ ఒకే రకం బటన్లు. ఆ క్షణకాలపు కలయికను గమనించిన మదర్‌బోర్డు తనే ఆకుపచ్చ తీగను పట్టుకుంటుంది. ఆ తీగ మీద మామూలుగా 5 వోల్టుల దాకా ఉంటుంది. మదర్‌బోర్డు దాన్ని సున్నాకు లాగేస్తే పెద్ద సప్లై పని మొదలుపెడుతుంది. సున్నా దగ్గర పట్టి ఉంచినంతకాలం నడుస్తుంది. వదిలేస్తే ఆగిపోతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల మెకానిక్ దగ్గర నిలబడి చూస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది. ఎస్ఎంపీఎస్ చచ్చిందో బతికుందో తేల్చడానికి దాన్ని కేబినెట్ నుంచి ఊడదీసి, ఆకుపచ్చ తీగ ఉన్న రంధ్రానికీ పక్కనున్న నల్ల తీగ రంధ్రానికీ చిన్న తీగ ముక్క వంచి గుచ్చుతారు. ఫ్యాను తిరిగితే పెట్టెలో ప్రాణముంది. వోల్టులు సరిగా ఇస్తోందా అన్నది మీటరు పెట్టి చూడాల్సిన సంగతి. ఫ్యాను తిరిగింది కదాని ఎస్ఎంపీఎస్ బాగుందనేస్తే తొందరపాటే.

సప్లై మొదలవగానే ప్రాసెసర్ పరుగెత్తదు. వోల్టులన్నీ కుదురుకున్నాక, అంటే సెకనులో పదో వంతు నుంచి సగం దాకా సమయం తీసుకుని, ఎస్ఎంపీఎస్ బూడిదరంగు తీగ మీద సిద్ధమని కబురు పంపుతుంది. అప్పటిదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. కబురందాక వదులుతుంది. అది బయాస్ చిప్పులో తన కోసం కేటాయించిన చోటుకు వెళ్లి మొదటి ఆదేశం చదువుతుంది.

ఆపేటప్పుడు ఇదే దారి వెనక్కి. విండోస్ నడుస్తుండగా బటన్ ఒకసారి నొక్కితే ఆ కబురు విండోస్‌కే చేరుతుంది. షట్‌డౌన్ అవ్వాలా, నిద్రపోవాలా, అసలు పట్టించుకోకూడదా అన్నది సెట్టింగుల్లో మీరు పెట్టుకున్నదాన్ని బట్టి. అన్నీ సర్దుకున్నాక, ఇక వదిలెయ్యమని మదర్‌బోర్డుకు చెప్పేది కూడా అదే. ఈ మాటామంతీకి నియమాలు 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ పేరుతో ప్రకటించాయి. మరి విండోసే బిగుసుకుపోతే? దానికి నాలుగు సెకన్ల మార్గముంది. బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే, సాఫ్ట్‌వేర్‌ను అడగకుండా మదర్‌బోర్డు వలయమే ఆకుపచ్చ తీగను వదిలేస్తుంది. అంతసేపు అని ఎందుకు పెట్టారంటే పొరపాటున తగిలిన మోచెయ్యి నాలుగు సెకన్లు ఆగదు కాబట్టి.

ఇన్వర్టర్ అందుకునేలోపు

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాను ఆగదు, లైటు ఒక్కసారి రెప్పలార్చి ఊరుకుంటుంది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. చాలామంది ఎస్ఎంపీఎస్ పాడైందనుకుంటారు. కాదు.

ఆ 400 వోల్టుల కెపాసిటర్‌లో కొంత సరుకు నిల్వ ఉంటుందని చెప్పుకున్నాం. గోడ నుంచి రాకడ ఆగినా దాంతో కొద్దిసేపు నెట్టుకురావచ్చు. నిండు బరువు మీద ఆ గడువు సెకనులో ఇంచుమించు అరవయ్యో వంతు. కంప్యూటర్ ఖాళీగా ఉంటే ఇంకాస్త. యూపీఎస్ సెకనులో నూరో వంతుకు అటూ ఇటూగా అందుకుంటుంది, గడువులోపే. ఇంటి ఇన్వర్టర్ దానికంటే తాపీగా అందుకోవచ్చు. ఫ్యాను రెక్కలు తిరిగిన ఊపులో ఆ ఎడం తెలియదు. గడువు దాటితే ఎస్ఎంపీఎస్ బూడిద తీగ మీది కబురు వెనక్కి తీసుకుంటుంది, ప్రాసెసర్ రీసెట్‌లో పడుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ అని రాసిన చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని అటు జరిపితే త్వరగా అందుకుంటుంది. ఎస్ఎంపీఎస్ మార్చే ముందు ఆ మీట ఎటుందో చూడండి, డబ్బు మిగులుతుంది.

డబ్బా ముట్టుకుంటే జివ్వుమనడం

వట్టికాళ్లతో నేల మీద నిలబడి కేబినెట్ వెనక చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటుందా? అది మీ భ్రమ కాదు. లక్షసార్లు కలిపి తెంపే యంత్రం నుంచి పుట్టే గోల గోడ తీగల్లోకి పాకి పక్కింటి రేడియోను చెడగొట్టకుండా వడపోత పెడతారు. అందులో రెండు బుల్లి కెపాసిటర్లు, ఒకటి ఫేజు నుంచి, మరొకటి న్యూట్రల్ నుంచి, కేబినెట్ లోహానికి కలిపి ఉంటాయి. అక్కడికి చేరిన గోలను ఎర్తు తీగ భూమిలోకి తీసుకుపోవాలి. ఎర్తు లేకపోతే కేబినెట్ రెండిటికీ మధ్యన, అంటే 115 వోల్టుల దగ్గర, వేలాడుతుంది. దాని వెంట వచ్చే కరెంటు మిల్లీ ఆంపియరుకు లోపే కాబట్టి జివ్వుమనడంతో సరిపోతుంది. కాని అది చెప్పే కబురు చిన్నది కాదు, మీ సాకెట్‌లో ఎర్తు లేదని చెబుతోంది. రేపు లోపల నిజంగా ఫేజు తీగ ఊడి డబ్బాకు తగిలితే ఫ్యూజు పోగొట్టి కాపాడాల్సింది ఆ ఎర్తే. మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను లావుగా, పొడుగ్గా ఉండేది మిగతావాటికంటే ముందు అది తగలాలనే. రెండు రంధ్రాల బోర్డులో పట్టడం లేదని దాన్ని పీకేసేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. పెరట్లో ఉప్పు, బొగ్గు వేసి తీసిన ఎర్తు గుంత ఎండిపోయినా ఫలితం అదే. వేసవిలో రెండు బిందెల నీళ్లు పోయించండి.

మరో గండం అమెరికా నుంచి తెచ్చిన పాత డెస్క్‌టాప్‌లది. వాటి ఎస్ఎంపీఎస్ వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర మీట ఉండేది. 115 దగ్గర ఉంచితే లోపల వోల్టేజీని రెట్టింపు చేసే అమరిక పనిచేస్తుంది, అక్కడి తక్కువ కరెంటుకు అది అవసరం. ఆ మీట జరపకుండా ఇక్కడి సాకెట్‌లో పెడితే 325 కావాల్సిన చోట 650 వోల్టులు తయారవుతాయి. ఢామ్మంటుంది. ఇప్పుడు వచ్చే వాటిలో చాలావరకు 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకుంటాయి, మీట లేదు. అయినా డబ్బా మీద అతికించిన కాగితం చదివి పెట్టడం మంచిది.

ఇంతకీ గోడ స్విచ్ సంగతి

కాపలా కరెంటుకు ఖర్చయ్యేది ఇప్పటి డెస్క్‌టాప్‌లలో వాటుకు అటూ ఇటూ. ఒక వాటు ఏడాది పొడుగునా వెలిగితే తొమ్మిది యూనిట్లకు కాస్త తక్కువ. ఒక ఇంటికి అది లెక్కలోది కాదు. కోట్ల ఇళ్లకు లెక్కే, అందుకే 2013 నుంచి యూరప్‌లో చాలా ఇంటి, ఆఫీసు పరికరాలకు ఆపి ఉన్నప్పుడు అర వాటు దాటకూడదని నియమం పెట్టారు. బిల్లు కోసమైతే తండ్రీ కొడుకులు పోట్లాడుకోనక్కర్లేదు.

పిడుగుల కాలంలో మాత్రం తండ్రి మాటే వినాలి. ఈదురుగాలి మొదలవగానే షట్‌డౌన్ చేసి, స్విచ్ కట్టేసి, ప్లగ్గు కూడా పీకండి. స్విచ్ లోపలి సన్నటి ఎడం పిడుగుకు అడ్డం కాదు. ఇంటర్నెట్ వైరు మరిచిపోకండి, అటునుంచీ వస్తుంది. వరస తప్పకూడదు. షట్‌డౌన్ పూర్తికాకముందే గోడ స్విచ్ కట్టేస్తే అది ఎర్ర స్విచ్ రోజుల్లోకి తిరిగి వెళ్లడమే. ప్లగ్గు పీకేశాక కూడా ఎస్ఎంపీఎస్ డబ్బా మరలు విప్పొద్దు, ఆ 400 వోల్టుల కెపాసిటర్‌లో సరుకు ఇంకా ఉండొచ్చు.

రోజూ గోడ దగ్గరే కట్టేసే అలవాటున్నవాళ్లకు ఒక మాట. కాపలా కరెంటు లేనప్పుడు మదర్‌బోర్డు మీది గడియారాన్ని నడిపేది సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత బ్యాటరీ. ఎప్పుడూ దానిమీదే ఆధారపడితే త్వరగా అరుగుతుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్లు వెనక్కి పోయి కనిపిస్తుంటే మెకానిక్ దాకా వెళ్లనక్కర్లేదు, కొత్త బిళ్ల కొని వేసుకోండి.